మేఘోకి పెట్టిన పత్తిగింజలు

జగ్మాల్ ఆవు మూడోసారి కూడా మళ్ళీ ఎదకు వచ్చిందని నాకు పాలకేంద్రం వరుసలో తెలిసింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనకున్న ఆడవాళ్ళు క్యాన్లతో నన్ను పక్కకు నెట్టి ముందుకు వెళ్ళిపోయారు. మూడుసార్లు మా మేఘో దగ్గరికి తెచ్చిన ఆవు మూడుసార్లూ చూడి నిలవలేదంటే ఊరు ఇక ఆవును అనదు, ఆబోతునే అంటుంది. అంతకు ముందే ఆరు ఆవులు అలాగే తిరిగొచ్చాయి. ఎవరికీ చెప్పకుండా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

మేఘో మా రాతడీవావ్ ఊరి ఆబోతు. పేరుకు ఊరిది, పెరిగింది మాత్రం మా వాకిట్లో. వాణ్ణి ఈనిన నాలుగో రోజున తల్లి పాము కరిచి పోయింది. అప్పటికి మా అమ్మాయి వాలుకి పదిహేనేళ్ళు. సీసాతో పాలు పట్టి, గోనెపట్టాలో చుట్టి, పక్కన పడుకోబెట్టుకుని బతికించింది. ఇప్పుడు వాలుకి ఇరవై రెండు, పాలకేంద్రంలో వెన్నశాతం చూసే పని. మేఘోకి ఏడు. నుదురు బోర్లించిన కుండలా ఉంటుంది, చెవులు ఎండుటాకుల్లా మెలిపడి వేలాడతాయి, మూపురం నా తలకంటే ఎత్తు. నాలుగేళ్ళుగా ఊళ్ళో పుట్టిన దూడల్లో సగానికి వాడి నుదురే వచ్చింది. వాలు నాన్న ఉప్పు లారీ మీద నెలకు ఇరవై రోజులు తిరుగుతాడు. ఇంట్లో మగదిక్కు ఏదంటే మేఘోని చూపించేదాన్ని.

మా దగ్గర ఆబోతుకు రుసుము లేదు. ఆవును తెచ్చినవాళ్ళు నానబెట్టిన పత్తిగింజలు ఒక బేసినెడు తెచ్చి, పైన బెల్లంముక్క ఉంచి, వాడి ముందు పెడతారు. వాడు మొత్తం తినేదాకా కదలరు. ఆబోతు దగ్గరికి వట్టి చేతులతో పోయినవాడి కొట్టం నిండదని పెద్దల మాట. ఆవును తేనివాళ్ళు కూడా సోమవారం సోమవారం తెచ్చి పెట్టి, కళ్ళకద్దుకుని పోతారు. పత్తి పండే నేల, దీపావళి నుంచి హోలీ దాకా ఏ ఇంట చూసినా గింజల గుట్టలే. గింజలు పెడితే పాలలో వెన్న పెరుగుతుందని మా ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది. ఆవుకు అంత మేలు చేసేది ఆబోతుకు చెయ్యకుండా పోతుందా అనుకున్నాం.

నేను చేసింది కూడా ఇక్కడే చెప్పేస్తాను.

ఆవులు తిరిగి రావడం మాఘంలో మొదలైంది. అప్పటికే వాలు, ఊరివాళ్ళు తెచ్చే బేసిన్లు తానే అందుకుని, రెండు దోసిళ్ళే మేఘోకి వేసి, మిగిలినవి పాలిచ్చే పశువులకు పంచేది. ఒకే మేత ఎక్కువైతే కడుపు ఉబ్బుతుందని దాని భయం. నా భయం వేరు. వాడు నీరసించాడని, లోపల ఏదో తినేస్తోందని, ఒకరోజు పొద్దున్నే కొట్టంలోకి పోతే పడిపోయి ఉంటాడని. అందుకని వాలు లేవకముందే లేచి ఒక బేసినెడు గింజలు నానబెట్టి వాడికి పెట్టడం మొదలుపెట్టాను. ఒక ఆవు తిరిగొస్తే ఒక బేసిను పెంచాను. ఇంకోటి తిరిగొస్తే ఇంకో బేసిను. ఫాల్గుణం వచ్చేసరికి వాడు నా అడుగుల చప్పుడుకే లేచి నిలబడి నాలుకతో ముక్కు తుడుచుకునేవాడు.

హోలీ మర్నాడు ధూళేటికి చల్లుకున్న రంగులు చొక్కాల మీద ఆరకముందే వజ్సీ ఆపా ఊరిని తన వాకిలి చావడిలో కూర్చోబెట్టాడు. వజ్సీ ఆపా మా ఊరి పెద్ద, ఆపా అన్నది పెద్దవాడని పిలిచే పిలుపు. డెబ్బై దాటినా మీసం తెల్లబడిందే తప్ప వంగలేదు. ఆయన మాట తిరిగింది మా అత్తగారి కాలంలో ఒక్కసారేనట. మొదట జగ్మాల్‌ని మాట్లాడమన్నాడు. జగ్మాల్ మా వెనక వీధివాడు, మంచి రైతు, నోరే మంచిది కాదు.

"ఎత్తు చూస్తే గిర్నార్ కొండ. పని చూస్తే పాలకేంద్రం గోడ మీద బొమ్మ ఎద్దు," అన్నాడు. చావడంతా నవ్వింది.

ఆపా ఎక్కువ మాటలు వాడలేదు. పక్క తాలూకాలో మంచి ఆబోతు ఉంది, అడిగి ఉంచాడు. రెండు ఆబోతులు ఒక ఊళ్ళో ఉంటే ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయి. కాబట్టి మేఘోకి విత్తు కొట్టించి ఎద్దును చెయ్యాలి. మూడుసార్లు నష్టపోయాడు గనక ఆ ఎద్దు జగ్మాల్ నాగలికి. తొందరగా, ఎండలు ముదరకముందే.

విత్తు కొట్టడమంటే ఇనుప పట్టకారుతో ఒక్క నొక్కు. ఆ నొక్కు తర్వాత వెనక్కి తిరిగేది ఏమీ లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి వాలు లేచి నిలబడింది. పెళ్ళి కావాల్సిన పిల్ల, ఊరి మగవాళ్ళ ముందు ఆబోతు సంగతి మాట్లాడుతుందా అని కొంగు పట్టి లాగాను. విదిలించుకుంది.

"ఆపా, నాలుగేళ్ళు ఊరికి దూడలిచ్చినవాడు. కొట్టించే ముందు ఒక్క పరీక్ష చేయించండి."

"ఏం పరీక్షమ్మా, పదో తరగతిదా?" అన్నాడు జగ్మాల్.

ఆపా మాత్రం నవ్వలేదు. డాక్టరు వచ్చి చూసి చెప్పేదాకా ఆగుతానన్నాడు, అంతే.

*

నాలుగో రోజున పశువుల డాక్టరు ఫాల్గునీబెన్ మోటారుసైకిలు మీద వచ్చింది, వెనక ఒక చెక్కపెట్టె కట్టుకుని. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒక ఆవును ఎదురుగా కట్టించి, చేతిలో పొడుగాటి రబ్బరు గొట్టం పట్టుకుని మేఘో పక్కన నిలబడింది. ఆమె ఏం చెయ్యబోతోందో అర్థమయ్యాక మీసాలున్న మగవాళ్ళు కూడా తలలు దించుకుని నేల మీద గీతలు గీశారు. మేఘో ముకుతాడు పట్టుకుంది వాలే. నేను తలమీది కొంగు ముక్కుదాకా లాక్కున్నాను. కానీ కింది నుంచి చూస్తూనే ఉన్నాను, వాడు ఎగిరి దూకినప్పుడు నా పిల్ల కాలు వాడి గిట్ట కింద పడుతుందేమోనని.

చెంచాడు కూడా లేదు దొరికిన బీజం. డాక్టరమ్మ ఆపా చావడిలో బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వాలుని చూడమంది. వాలు కన్ను ఆనించి, కాసేపటికి తల ఎత్తింది. దాని ముఖం చూస్తే సగం నాకు తెలిసిపోయింది. ఉన్నాయట. కానీ ఆ బీజకణాలు కొన్ని తోకలు విరిగి, కొన్ని ముడుచుకుపోయి, కొన్ని అసలు తోకలే లేకుండా ఉన్నాయట. ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి తప్ప ముందుకు పోవడం లేదట.

డాక్టరమ్మ జ్వరాలు, దెబ్బలు, మందులు అన్నీ అడిగింది. చివరికి మేత అడిగింది. జొన్నచొప్ప, పచ్చిగడ్డి, పత్తిగింజలు రెండు దోసిళ్ళు అని చెప్పింది వాలు. పత్తిగింజలనగానే డాక్టరమ్మ ముందుకు వంగింది. రెండు దోసిళ్ళేనా అని మళ్ళీ అడిగింది. రెండే, నా చేత్తోనే వేస్తాను, అంది వాలు, గట్టిగా.

"అంతేనంటే గింజల వల్ల కాదు. ఆ కాస్తకు ఇంత చెడదు," అంది డాక్టరమ్మ. "బీజమే లోపల ఎండిపోయి ఉండాలి. అదైతే మందు లేదు."

ఆపా తల పంకించాడు. జగ్మాల్ తలపాగా సర్దుకుని లేవబోయాడు. ఇక మాట్లాడటానికి ఏమీ లేదన్నట్టు జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. చెబితే నా కూతురు నలుగురిలో నా మొహాన ఏమంటుందో. చెప్పకపోతే పట్టకారు. నా గొంతు నాకే వినబడింది.

"రెండు దోసిళ్ళు కాదు. నేను పెట్టాను. రోజూ తెల్లారుజామున, వాలుకి తెలియకుండా."

అందరూ నా వైపు తిరిగారు. డాక్టరమ్మ ఎంతని అడిగింది.

"మొదట్లో ఒక బేసిను. ఈ నెల నుంచి ఐదు. బలం వస్తుందని."

"బేసినంటే?"

చేతులు చాచి చూపించాను. డాక్టరమ్మ మళ్ళీ కూర్చుంది. సోమవారం ఎంతమంది తెస్తారో ఊరిని అడిగింది. అప్పుడొక్కొక్కరే నోరు విప్పారు. వాలు చూడకుండా పెట్టేది నేనొక్కదాన్నే కాదని తేలింది. ఎనభై ఏళ్ళ పూరీమా అయితే ఏ రోజూ తప్పలేదట, మధ్యాహ్నం వాలు పనికి పోయాక వచ్చి పెట్టి పోతుందట. అంతా కలిపితే పూటకు పూట వాడి కడుపులో గింజలు తప్ప వేరే ఏమీ లేనట్టే.

డాక్టరమ్మ ఒక గింజను గోటితో చీల్చి ఆపా అరచేతిలో పెట్టింది. పసుపచ్చటి పప్పు మీద సూదిమొన అంత నల్ల చుక్కలు. పుట్టినప్పటి నుంచి పత్తి చేలల్లో పెరిగినవాళ్ళం, ఆ చుక్కల్ని ఎన్నడూ చూడలేదు.

"మొక్క పురుగుల నుంచి తనను కాపాడుకోడానికి దాచుకునే విషం ఇది. గాసిపోల్ అంటారు. పెద్ద పశువు కడుపు దీన్ని కొంత విరిచేస్తుంది. అందుకే పాలిచ్చేవాటికి కొలతగా పెడితే ఏం కాదు. కొలత దాటితే మగవాటిలో ముందు బీజాన్ని పడుతుంది. పాలు తాగే దూడల్లో అయితే గుండెనే పడుతుంది."

జగ్మాల్ తలపాగా మీద చెయ్యి అలాగే ఆగిపోవడం నేను చూశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

బాగవుతాడా అని వాలు అడిగింది. కావచ్చు, మాటివ్వలేను, అంది డాక్టరమ్మ. కొత్త బీజం తయారవడానికి రెండు నెలలు దాటుతుంది. అంతవరకు ఒక్క గింజ కూడా నోట్లోకి పోకూడదు. ఒక్కటి కూడా అని రెండుసార్లు చెప్పింది.

ఆపా మీసం దువ్వుతూ పంచాంగం లెక్క వేశాడు. జ్యేష్ఠంలో భీమ ఏకాదశి. విత్తనాలు వేసే ముందు మేమంతా నాగళ్ళు కడిగి మామిడిపళ్ళు పంచుకునే రోజు. ఎనభై రోజులు. ఆ రోజు మళ్ళీ చూడండి, ఆ రోజే పట్టకారువాణ్ణి కూడా పిలుస్తాను, ఏది తేలితే అది అన్నాడు.

వాలు నా వైపు చూడలేదు. మేఘో తాడు పట్టుకుని నడిచిపోయింది.

*

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడితే మేఘో సంగతే. నీళ్ళు తాగాడా, పేడ ఎలా ఉంది. నేను రొట్టె పెడితే తినేది, ఇంకోటి వెయ్యనా అంటే లేచిపోయేది. మంచం తీసుకెళ్ళి కొట్టం గుమ్మంలో వేసుకుంది. నేను పొద్దున లేవగానే చేసే మొదటి పని పేడ విదిలించి చూడటం. మూడు రోజులు గింజల పొట్టు కనిపించింది. ఐదో రోజు ఏమీ లేదు. పరుగున వెళ్ళి వాలుకి చెప్పాను. తలూపింది. నాకది చాలు.

ఇంట్లో గింజలన్నీ బయటికి తరలించాను. నానబెట్టే తొట్టి బోర్లించాను. గింజ ఎలుక నోట్లోంచి జారి మేఘో ముందు పడుతుందేమోనని అటక కూడా ఊడ్చాను. ఊరిని ఆపడమే కష్టమైంది. డాక్టరమ్మ మాట చావడిలో అందరూ విన్నారు, అందరూ అవునన్నారు. కానీ సోమవారం రాగానే చేతులు ఊరుకోవు. కొంగు చాటున ఒక గుప్పెడు, పాలక్యాను అడుగున ఒక గుప్పెడు. గుమ్మంలోనే అడ్డం నిలబడి ఒక్కొక్కరి దగ్గరా తీసుకునేదాన్ని. కొందరు తిట్టారు. ఊరి పుణ్యం నీ గుమ్మంలో ఆపుకుంటావా అన్నారు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం కొట్టంలో దబ్బుమని ఏదో పడ్డ చప్పుడైంది. రొట్టె పెనం మీద వదిలేసి పరిగెత్తాను. గోడ మీంచి వచ్చి పడిన గుడ్డమూట విప్పుకుని, నేలంతా నానిన గింజలు. మేఘో అప్పటికే తల వంచాడు. ఇరవై రోజుల ఆకలి వాడిది. నాలుక ఒక్కసారి తిరిగితే దోసెడు ఖాళీ. నాకేం తోచలేదు. వాడి మూతి కింద కూలబడి, నోట్లో చెయ్యి పెట్టేశాను.

ఐదు వందల కిలోల జంతువు. పళ్ళ మధ్య నా వేళ్ళు. అయినా నాలుక మీది గింజల్ని గోకి గోకి బయటికి లాగాను. వాడు తల విదిలిస్తే గోడకు తగిలాను. మళ్ళీ వెళ్ళాను. "మింగకురా, నాయనా, మింగకు," అంటూనే ఉన్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో ముకుతాడు అందుకుని వాడి తలను పైకి ఎత్తిపట్టారు. చూస్తే జగ్మాల్, నా కేకలు విని వచ్చినట్టున్నాడు.

"చెయ్యి తియ్యి మోంఘీబెన్, వేళ్ళు పోతాయి. నేను పట్టుకున్నా, కింద ఉన్నవి ఏరు."

ఏరాను. మట్టిలోంచి, పేడలోంచి, ఒక్కొక్కటి. వాడు మింగినవి పది పదిహేనుకు మించవని జగ్మాల్ అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు, మళ్ళీ మళ్ళీ వెతికాను. గోడ అవతల పూరీమా ఇంకా అక్కడే నిలబడి ఉంది, కర్ర ఊతంతో.

"నోరులేని జీవం. దాని మొహం చూసి వట్టి చేతులతో ఎట్లా పోనే? నాకు ఇంకెన్ని సోమవారాలు మిగిలాయి," అంది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పచ్చిగడ్డి ఒక పిడికెడు ఆమె చేతికిచ్చి వాడికి పెట్టించాను. వాడు తిన్నాడు. ఆమెకది నచ్చలేదు. గడ్డి గాడిదకైనా పెడతారు అని గొణుక్కుంటూ పోయింది. కానీ తర్వాతి సోమవారం పచ్చిజొన్న కట్టే తెచ్చింది.

ఆమె వెళ్ళాక జగ్మాల్ కదల్లేదు. గుమ్మంలో చుట్ట తీసి, వెలిగించకుండా చేతిలో తిప్పుతూ అడిగాడు.

"ఆ డాక్టరమ్మ అన్నదే, దూడలకు గుండెను పడుతుందని. పడితే ఎట్లా ఉంటుందో చెప్పిందా?"

చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పాడు. పుష్యంలో అతని పెయ్యదూడ పోయింది కదా. బక్కది, మూడు వారాలది. బాగా పుంజుకుంటుందని గింజలు దంచి మజ్జిగలో కలిపి తాగించాడట, రోజూ, తన చేత్తోనే. నాలుగు వారాలకు మెడ కింద నీరు దిగింది. పరిగెత్తొచ్చిన మనిషిలా రొప్పేది. ఒక మధ్యాహ్నం మూతి గిన్నెలో ఉండగానే పక్కకు వాలిపోయింది. దిష్టి అనుకున్నారట అందరూ.

"గిన్నె కింద పెట్టగానే ఉరికొచ్చేది," అన్నాడు.

తెలియక చేశావు కదా అని నేను అతనితో అనలేకపోయాను. ఆ మాట నేనే నాకు రోజుకు వందసార్లు చెప్పుకుంటున్నాను, ఒక్కసారీ పనిచెయ్యలేదు. లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చాను. తాగాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు వాలు లేని సమయంలో అతనే వచ్చి మా గుమ్మంలో కూర్చునేవాడు, కర్ర అడ్డంగా పెట్టుకుని. ఎవరైనా అడిగితే, "ఎద్దు నాకు వచ్చేదే కదా, సరుకు పాడవకుండా చూసుకుంటున్నా," అనేవాడు. పని నుంచి వచ్చిన వాలు ఆ మాట వినీ అతనికి టీ ఇచ్చింది. ఆ సాయంత్రమే నాతోనూ మాట్లాడింది, అమ్మను పిలిచే బా అనే పిలుపుతో.

"బా, వేళ్ళు చూపించు."

చూపించాను. పసుపు రాసి కట్టు కట్టింది. "ఆ ఐదు బేసిన్లు ఎట్లా మోశావు, నీ నడుముతో," అంది. అది తిట్టో ఏమిటో ఇప్పటికీ తెలియదు. కడుపు నిండిపోయింది.

*

వైశాఖం ఎండల్లో వాడు రెండు రోజులు మేత ముట్టకపోతే మళ్ళీ పేడ విదిలించి గింజల పొట్టు వెతికాను. మూడో రోజు తిన్నాడు. అలా ఒక్కో రోజూ గోడ మీద గీత గీసుకుంటూ భీమ ఏకాదశి వచ్చింది. ఆకాశంలో మబ్బు కమ్మింది కానీ చినుకు పడలేదు. నాగళ్ళకు కుంకుమ పెట్టి జనమంతా ఆపా చావడి ముందుకు చేరారు, పిల్లల చేతుల్లో మామిడిపళ్ళు.

పట్టకారు లాఖోభాయ్ అందరికంటే ముందే వచ్చాడు. మోచెయ్యంత ఇనుప పట్టకారును గోనెపట్టా మీద పెట్టి, మేఘోని రాటకు బిగించి కట్టి, రెండు టీలు తాగి కూర్చున్నాడు. డాక్టరమ్మ పెట్టె విప్పింది. మళ్ళీ ఎదురుగా ఆవు, మళ్ళీ రబ్బరు గొట్టం. ఈసారి ఎవరూ తల దించుకోలేదు. మేఘో దూకిన దూకుకు రాట ఊగింది. డాక్టరమ్మ గాజుగొట్టాన్ని అరచేతిలో కప్పుకుని దాదాపు పరిగెత్తింది, చల్లబడితే చచ్చిపోతాయట. మేమంతా ఆమె వెనక.

కన్ను ఆనించింది. మరను అటూ ఇటూ తిప్పింది. ఇంకో బొట్టు వేసింది. నేను ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. కొంగు పళ్ళ మధ్య ఉందని నాకే తెలియలేదు. వాలుని పిలిచింది. వాలు వంగింది. వంగి, ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అయిపోయింది అనుకున్నాను. పది పదిహేను గింజలు. నేను సరిగా ఏరలేదు.

వాలు నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. నాకెందుకు, నాకేం తెలుస్తుంది అన్నాను. చూడమంది. ఒక కన్ను మూసి వంగాను. గుండ్రటి వెలుగులో నల్లటి వెంట్రుకలు నాలుగైదు, కట్టెల్లా నిలబడి ఉన్నాయి. కదలడం లేదు.

"ఒక్కటీ కదలడం లేదు," అన్నాను. నా గొంతు ఊరంతా విని ఉంటుంది.

డాక్టరమ్మ నా తల పట్టుకుని కాస్త వెనక్కి జరిపింది. "అవి నీ కనురెప్పల వెంట్రుకలు, మోంఘీబెన్. ఇప్పుడు చూడు."

ఇప్పుడు చూశాను. దేవుడా, అది కదలడం కాదు, పొంగడం. తొలివాన పడ్డ గుంటలో కప్పపిల్లల్లా, తిరునాళ్ళలో జనంలా, అలలు అలలుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు పరుగు. ఒకటి నేరుగా నా కంటి వైపే వస్తున్నట్టనిపించి తల వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పెట్టాను. తోకలు. అన్నిటికీ తోకలు. నేను ఏడుస్తున్నానట, అద్దం తడుస్తోందని డాక్టరమ్మ నన్ను పక్కకు తీసింది.

పదింటికి ఒకటో రెండో ఇంకా వంకరగా ఉన్నాయని, ఇంకో నెల జాగ్రత్త కావాలని, అయినా ఆవు నిలవడానికి ఇది చాలని ఆమె ఆపాకి చెప్పింది. ఆపా నోటిమాట మీద ఆగే మనిషి కాదు. కర్ర పక్కన పెట్టి, తలపాగా వెనక్కి నెట్టి, ఆయనా వంగి చూశాడు. తర్వాత జగ్మాల్‌ని చూడమన్నాడు. ఎద్దు నీదే కదా, నువ్వు చెప్పు అన్నాడు.

జగ్మాల్ చూశాడు. అంతసేపు ఎవరూ చూడలేదు. వరుసలో వెనకున్నవాళ్ళు గొణుక్కున్నారు.

"నాకు ఎద్దు వద్దు, ఆపా," అన్నాడు తల ఎత్తకుండానే. "నాగలికి ఉన్నదాంతోనే సరిపెట్టుకుంటా. ఇన్ని ప్రాణాలని నొక్కిస్తే నాకు అన్నం దిగదు."

ఆపా అక్కడే ఫోను తీసి పక్క తాలూకాకు మాట్లాడాడు. ఆ ఆబోతు మాకు అక్కర్లేదన్నాడు, అడిగినందుకు క్షమించమన్నాడు. ఆయన నోట క్షమించమన్న మాట నేను వినడం అదే మొదలు. లాఖోభాయ్ మాత్రం పట్టకారు చూసుకుంటూ, ఊరికే రప్పించారా అని సణిగాడు. పిల్లలు అతని ఒళ్ళో మామిడిపళ్ళు పోశారు.

మేఘో రాట దగ్గర ఇవేమీ తెలియక తోకతో ఈగలు తోలుకుంటున్నాడు. ఆపా స్వయంగా నడిచి వెళ్ళి ముడి మీద చెయ్యి వేశాడు. అది రాలేదు. వాలు ప్రయత్నించింది, నేను నా మచ్చపడ్డ వేళ్ళతో ప్రయత్నించాను, జగ్మాల్ పళ్ళతో కూడా లాగాడు. ఎంత గట్టిగా బిగించాడో. చివరికి లాఖోభాయే మామిడిరసం చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చి, తాను వేసిన ముడిని తానే రెండు వేళ్ళతో విప్పి, మేఘో వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.